మా మేయరుగారి ఫ్లెక్సీ

ఆ రోజుల్లో బెల్‌ఫాస్ట్‌లో వానకీ నా ఏడుపుకీ తెరిపి ఉండేది కాదు. ఉమ్మడి రాష్ట్రం ఆఖరి దశలో ఉండగా తెనాలి నుంచి చరిత్రలో మాస్టర్స్ చేద్దామని వెళ్లాను (ఉద్యోగాలొచ్చే చదువు చదవమని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నా వినకుండా). పరిశోధన చెయ్యమని మా ప్రొఫెసర్ నా నెత్తిన పెట్టిన మహానుభావుడు, వందేళ్ల కిందట బెల్‌ఫాస్ట్ నుంచే కెనడా వలసపోయి, అక్కడొక రాష్ట్ర శాసనసభలో సభ్యుడై, తరవాత ఓ చిన్న పట్నానికి మేయరైన పెద్దమనిషి. ఆయన జీవితమంతా మురుగు కాలవలే. తవ్విస్తానని గెలిచాడు, తవ్వించాడు, తవ్విన మట్టి ఎత్తించలేదని ఓడిపోయాడు. ఆఖరి ఎన్నికలో సొంత వీధివాళ్లు కూడా ఓటెయ్యలేదు. ఇంతకుమించి ఏమీ దొరకలేదు. దాని మీదే పోస్టరు వేసి, హాల్లో అందరి ముందూ వివరించాలి. తప్పితే కోర్సు పోతుంది, దాంతో వీసా పోతుంది.

"పోస్టరేగా! దానికింత ఏడుపెందుకురా? నాకొదిలెయ్," అన్నాడు మా ఫ్లాట్‌లో ఉండే ఫ్లెక్సీ బావ. (వరసకి బావ కాదు. ఒంగోల్లో ఫ్లెక్సీల కొట్లో పనిచేసొచ్చాడు గనక ఆ పేరు.) నాకు ఆ వారమంతా టేక్‌అవే హోటల్లో షిఫ్టులు. రాసుకున్నదంతా వాడి చేతిలో పెట్టి, ప్రింటు కూడా వాణ్నే తీయించమన్నాను.

హాల్లో పోస్టరు చుట్ట విప్పేదాకా నేను చూళ్లేదు. నిలువెత్తు మేయరుగారు, కోటు మీద గజమాల, ఎవరివో తెచ్చి అతికించిన నమస్కారం చేతులు. వెనక సింహం. పైన తెలుగులో 'బడుగుల ఆశాజ్యోతి'. నా పరిశోధన యావత్తూ సింహం తోక కింద అగ్గిపెట్టెంత గడిలో ఉంది. అడుగున వరసగా మా ఫ్లాట్‌లో నలుగురి ఫొటోలు, అందరిలోకీ పెద్దది నాది.

"వీళ్లెవరు?" అన్నారు ప్రొఫెసర్.

తోడొచ్చిన బావే అందుకున్నాడు. "ఫాలోవర్స్ సార్. లీడరన్నాక మనుషులుండాలి గదా!"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వి, ఫెయిల్ చేశారు. ఈ రెండూ ఒక్క మనిషే చెయ్యొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. బయట మెట్ల మీద కూలబడి భోరుమన్నాను. "ఓడిపోయినోడి పక్కన నలుగుర్ని నిలబెట్టాం, అదీ తప్పేనా?" అని బావ నాకన్నా ఎక్కువ ఏడ్చాడు.

ఆయనే ఇంకో అవకాశమిస్తే మళ్లీ చేసి, అత్తెసరు మార్కులతో బయటపడ్డాను. ఆ మేయరు గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఇక్కడే హేస్ అనే ఊళ్లో, ఓ గోడౌన్‌లో ఎవరికే షిఫ్టో రోటాలు వేస్తుంటాను. ఫ్లెక్సీ తడవని సరుకు గనక, పెరట్లో మా అమ్మాయి సైకిలు మీద కప్పాం. మొన్న అమ్మాయి ఆ ఫ్లెక్సీ అడుగు అంచు పట్టుకుని, "డాడ్, హూ ఈజ్ దట్?" అంది.

"మేయరుగారమ్మా."

"నాట్ హిమ్. దిస్ వన్."

చూశాను. వరసలో అందరికన్నా పెద్ద ఫొటో. అరువు కోటు వేసుకుని, వచ్చే ఎన్నికల్లో గెలుపు తనదేనన్నట్టు నవ్వుతున్నాడు కుర్రాడు.

"ఎవరో మేయరుగారి మనిషిలే తల్లీ," అన్నాను. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు వాడంత బాగా నవ్వలేకపోయాను.