పదకొండు నిమిషాల మామగారు

తోడల్లుడి మీద కుళ్ళుకోని మగవాడు ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు గానీ, మన పెద్దల్లుడు మాత్రం ఆ కోవలోకి రాడు. అతను జెరాక్స్ మిషన్లు బాగుచేసే మెకానిక్. భుజాన పనిముట్ల సంచీ, ఎన్ని ఉతుకులు ఉతికినా చొక్కా జేబు అంచున పోని నల్లపొడి మరక, పాత స్కూటరు. అత్తవారింట్లో అతన్ని పేరుపెట్టి పిలిచే అలవాటు ఎవరికీ లేదు. ఇద్దరు కూతుళ్ళున్న ఇల్లది. అందుకని ఇతను పెద్దల్లుడు, రెండో అమ్మాయిని చేసుకున్న పళ్ళ డాక్టరు చిన్నల్లుడు.

డాక్టరు పక్కన మెకానిక్ నిలబడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. చుట్టాల్లో ఎవరికి పన్ను నొప్పి పుట్టినా చిన్నల్లుడి పేరే. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు వరసలో కుర్చీ అతనికే. పోనీ అతనేమైనా పొగరుబోతా అంటే అదీ కాదు. పొగరుబోతైతే వెనకాల నాలుగు తిట్టుకుని హాయిగా ఉండొచ్చు. "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వెంటపడేవాణ్ణి ఏమని తిడతాం? ఆ మంచితనం చూస్తేనే పెద్దల్లుడికి ఒళ్ళు మండేది.

అయితే డాక్టరు దగ్గర లేనిది ఒకటి ఇతని దగ్గరుంది. సర్వర్. ఒక ఆఫీసువాళ్ళు పారేస్తామన్న కంప్యూటరు తెచ్చి, దుమ్ము దులిపి, అందులో రెండు పెద్ద డిస్కులు బిగించి, హాల్లో గోడ బీరువా కింది అరలో పెట్టాడు. గాలి ఆడాలని ఆ అరకు తలుపు కూడా ఊడదీశాడు. సినిమాలు, పాటలు, పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు అన్నీ అందులోనే. టీవీలో నొక్కితే వస్తాయి, ఇంట్లో ఏ ఫోన్లో అడిగినా వస్తాయి. ఒక డిస్కులో ఏది పడినా అప్పటికప్పుడే రెండోదాంట్లోనూ పడుతుంది. జెరాక్స్ బుర్ర కదా, ఒకదాని మీద "ఒరిజినల్" అనీ రెండోదాని మీద "కాపీ" అనీ చీటీలు అంటించాడు. వినేవాడు దొరికితే చాలు, "ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందండీ, అదీ మన ఏర్పాటు" అని మొదలుపెట్టేవాడు.

ఆ పెట్టెకు అసలు గౌరవం తెచ్చింది మామగారు. ఆయన పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. పోయి ఆరేళ్ళైంది. సొంత కుటుంబాన్ని తీసిన క్యాసెట్లు అరవై రెండు అట్టపెట్టెలో మిగిలాయి. వాటిని సర్వర్లోకి ఎక్కించడానికి దగ్గర దారి లేదు. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంటసేపు ఆడాల్సిందే. రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ దానికే పోశాడు పెద్దల్లుడు. తీరా చూస్తే అరవై రెండింట్లోనూ మామగారు లేడు. ఉండడు మరి, కెమెరా ఎప్పుడూ ఆయన భుజం మీదే కదా! ఒకచోట నీడ, ఒకచోట చిన్నకూతురి కాలరు సర్దుతున్న చెయ్యి, అంతే.

అట్టపెట్టె అడుగున, చీటీ లేని అరవై మూడోది దొరికింది. దాని మొదట్లో పదకొండు నిమిషాలు. ఆ రోజు కెమెరా అత్తగారి చేతిలో ఉంది. మామగారు డాబా మీద పాత కుర్చీకి మేకులు కొడుతూ, ఆవిడకు కెమెరా పట్టుకోవడం నేర్పుతున్నాడు. "ఏవోయ్, నన్ను తియ్యమంటే గోడను తీస్తావేం? గోడెక్కడికీ పోదు" అంటూ పగలబడి నవ్వాడు. అది సర్వర్లోకి ఎక్కాక, వెనక్కి తిప్పుతుంటే మిషన్లో టేపు చుట్టుకుపోయి ముక్కలు ముక్కలైంది. "పోతే పోయిందిలే, లోపలికి వచ్చేసింది" అనుకున్నాడు.

ఇక చూడండి! రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే అత్తగారు ప్రతి ఆదివారం వచ్చేది. లిఫ్టు లేని మూడంతస్తులు, ఆవిడవేమో అరిగిపోయిన మోకాళ్ళు. అంతస్తుకోసారి ఆగి, గోడ పట్టుకుని, వచ్చి కూర్చునేది. పదకొండు నిమిషాలూ కళ్ళార్పకుండా చూసి, "ఇంకోసారి పెట్టండి బాబూ" అనేది. అందరి ముందూ, ముఖ్యంగా డాక్టరు ముందు, "మా పెద్దల్లుడు లేకపోతే ఆయన గొంతు మళ్ళీ వినేదాన్నా?" అనేది. ఆ మాటకు పెద్దల్లుడి ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

అలా సాగిపోతే గొడవే లేదు. చిన్నల్లుడు తన క్లినిక్‌లో ఎక్స్‌రేలు దాచుకోవడానికని ఒక స్టోరేజి పెట్టె కొన్నాడు. నాలుగు డిస్కుల పెట్టె, కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది, ఇంతా చేస్తే చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు. బాగుందనిపించి ఇంటికి ఇంకోటి కొన్నాడు. "అన్నయ్యా, నువ్వు నేర్పిన విద్యే. మామగారి వీడియోలు నాకూ ఓ కాపీ ఇస్తావా?" అని డిస్కు పట్టుకొచ్చాడు.

పెద్దల్లుడు ఆ డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండేళ్ళ ఆదివారాలు నావి, పెట్టె నీదా? కాదనడానికి నోరు రాలేదు. ఫొటోలతో సహా అరవై రెండూ ఎక్కించి ఇచ్చాడు. అరవై మూడోది మాత్రం ఎక్కించలేదు. డాక్టరు అడగలేదు, ఇతను చెప్పలేదు.

నెల తిరిగేసరికి చుట్టాలంతా అటు ఎగబడ్డారు. అక్కడి పెట్టె మనుషుల ముఖాలు గుర్తుపడుతుందట! ఒక ముఖం మీద నొక్కితే ఆ మనిషి ఉన్న ఫొటోలన్నీ బిలబిలమని వచ్చేస్తాయట. సినిమాలకు బొమ్మలతో సహా వరసలు. మరదలు ఫోన్ చేసి మరీ చెప్పింది, "మా అక్కాచెల్లెళ్ళ చిన్నప్పటి ఫొటోలు ఎంత తొందరగా దొరికాయో బావా! మీ దాంట్లో వెతుక్కోలేక చచ్చేవాళ్ళం కదూ." ఆ పిల్లకు లోపల ఏ దురుద్దేశమూ లేదు. అయినా ఆ పూట పెద్దల్లుడికి ముద్ద దిగలేదు. అతని సొంత పిల్లలు కూడా "బాబాయ్ వాళ్ళింట్లో చూస్తాం" అనడం మొదలుపెట్టారు.

ఒక్క అత్తగారే మిగిలింది. ఆవిడా ఒక ఆదివారం ఆయాసం తీర్చుకుంటూ, "బాబూ, ఆ ముక్క కాస్త చిన్నబ్బాయి పెట్టెలో కూడా వేసెయ్యండి. వాళ్ళది కింది ఇల్లు. ఈ మెట్లు నావల్ల కావట్లేదు" అంది.

"వేద్దామనే చూశాను అత్తయ్యా. అది పాత రకం కదా, ఆ పెట్టెలో ఆడదు" అన్నాడు పెద్దల్లుడు. పచ్చి అబద్ధం. చెబుతున్నప్పుడు చెవులు వేడెక్కాయి గానీ, వెనక్కి తీసుకోలేదు.

"అయ్యో, అలాగా. సరే, నేనే వస్తాలెండి" అంది ఆవిడ.

ఆవిడ వెళ్ళాక భార్య పట్టుకుంది. "పోనీ నా ఫోన్లో పెట్టండి. అమ్మ దగ్గరికి నేనే వెళ్ళి చూపిస్తా."

"నీ ఫోన్లో పెడితే సాయంత్రానికి మీ చెల్లెలి ఫోన్లో ఉంటుంది."

"ఉంటే?"

"ఉంటే ఏముంది, నా కొంపలో ఇంకేం మిగలదు!"

భార్య అతన్ని ఎగాదిగా చూసి, "మీకు పిచ్చి ముదిరింది" అని లోపలికి పోయింది. నన్నడిగితే ఆవిడ తక్కువే అంది.

తరవాతి వారం చిన్నల్లుడు ఏదో ఇచ్చి పోదామని వచ్చి కూర్చున్నాడు. కాఫీ గుటక పడిందో లేదో, బీరువా అరలోంచి కుయ్, కుయ్, కుయ్ అని మోత. డాక్టరు లేచి, "ఏంటన్నయ్యా అది? డిస్కు ఏదైనా తేడా చేసిందేమో, ఓసారి చూద్దామా?" అన్నాడు, అటు ఒంగుతూ.

సర్వరుకు జబ్బని డాక్టరు నోట వినాలా! అదీ పళ్ళ డాక్టరు నోట! పెద్దల్లుడు ఒక్క అంగలో మధ్యకు వచ్చాడు. "అబ్బే, ఏం లేదు. అప్పుడప్పుడూ అలా అంటుంది. దాని సంగతి నాకు తెలుసు" అని చెయ్యి పెట్టి ఆ కూత వినిపించకుండా మీట నొక్కేశాడు. అతను వెళ్ళాక చూద్దామనుకున్నాడు. అతను వెళ్ళేసరికి మనసంతా ఆ నల్లపెట్టె మీదికి పోయింది. ఇక కూతా లేదు, చూడటమూ లేదు.

దాన్ని మించింది కట్టాలి. అదొక్కటే పట్టుకుంది. కొత్త డబ్బా తెచ్చాడు, రెండు కొత్త డిస్కులు తెచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం పని ఎగ్గొట్టి నేల మీద అన్నీ పరుచుకున్నాడు. లెక్క సులువే. ఒరిజినల్ తీసి భద్రంగా పక్కన పెట్టాలి. కాపీని రెండు కొత్తవాటితో కలిపి, మూడింటినీ తుడిచి ఒకే పెద్ద అరగా చెయ్యాలి. తరవాత ఒరిజినల్ నుంచి అన్నీ అందులో పోసుకోవాలి. ముఖాలు గుర్తుపట్టే ప్రోగ్రాము కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆదివారం అత్తగారు వచ్చేసరికి టీవీలో మామగారి ముఖం మీద నొక్కి చూపిస్తాడు. డాక్టరును కూడా పిలవాలి, చూడనీ!

పదిహేనేళ్ళుగా అతని చేతికి అలవాటైన సూత్రం ఒక్కటే. జెరాక్స్ అద్దం మీద పెట్టింది పోకూడదు, కిందినుంచి వచ్చిన కాగితం చినిగితే ఇంకోటి తీసుకోవచ్చు. ఇక్కడా అంతే అనుకున్నాడు. కాపీ అని చీటీ ఉన్నదాన్ని నిర్భయంగా తుడిచేశాడు. మూడు డిస్కులూ కలిసి, మొదటినుంచి చివరిదాకా కొత్తగా రాసుకుని, రాత్రికి తయారయ్యాయి. అప్పుడు ఒరిజినల్ తగిలించాడు.

టిక్. టిక్. టిక్. గోరుతో బల్ల మీద కొట్టినట్టు.

తీసి మళ్ళీ పెట్టాడు. వైరు మార్చాడు. వేరే కంప్యూటరుకు తగిలించాడు. టిక్, టిక్. అప్పుడు పాత సర్వరు రాసిపెట్టుకున్న హెచ్చరికలు తెరిచి చూశాడు. ఒరిజినల్ పాడైందనీ, ఇక అంతా కాపీ మీదే నడుస్తోందనీ, దాన్ని వెంటనే మార్చమనీ, చిన్నల్లుడు కాఫీ తాగిన రోజునుంచి రోజూ రాస్తూనే ఉంది పాపం. నేల మీదే చతికిలబడి, ఎదురుగా ఉన్న మూడు డిస్కుల వంకా వెర్రిచూపులు చూశాడు.

మర్నాడు డిస్కులు బాగుచేసే కొట్లు రెండు తిరిగాడు. చచ్చినదాంట్లో లోపల తిరిగే పళ్ళెం గీసుకుపోయిందనీ, తుడిచినదాని మీద కొత్తగా రాసుకుపోయిందనీ, ఆశ వదులుకోమనీ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఇంకేం చేస్తాడు? ఖాళీ డిస్కు పట్టుకుని, ఏ గడప తొక్కకూడదనుకున్నాడో ఆ గడపే తొక్కాడు.

"దానికేం అన్నయ్యా, నీ పనేగా, ఎక్కడికి పోతుంది!" అన్నాడు చిన్నల్లుడు. ఎగతాళి లేదు, ఎందుకిలా అయిందన్న ప్రశ్న లేదు. ఎక్కుతున్నంతసేపూ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. ఫొటోలూ, అరవై రెండూ వచ్చాయి. ప్రతి ఫోల్డరుకూ పెద్దల్లుడు పెట్టిన పేర్లే, ఒక్క అక్షరం మారలేదు. "అన్నీ వచ్చినట్టేనా, చూసుకో" అంటే, "అన్నీ వచ్చాయి" అని తల ఊపాడు. అంత మంచిగా ఇచ్చినందుకు కూడా అతని మీద కోపం వచ్చింది. ఆ కోపానికి తనకే సిగ్గేసింది.

ఆదివారం అత్తగారు వచ్చింది. అంతస్తుకోసారి ఆగిన చప్పుడు లోపలికి వినబడుతూనే ఉంది. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "పెట్టండి బాబూ" అంది.

"అత్తయ్యా, అది పోయింది." జరిగిందంతా చెప్పాడు. కూత సంగతి కూడా దాచలేదు. వంటింటి గుమ్మంలో భార్య కొయ్యబారి నిలబడింది.

"చిన్నబ్బాయి దగ్గర ఉంటుందిగా? అన్నీ ఇచ్చానన్నారుగా."

"అదొక్కటీ ఇవ్వలేదు."

"ఆ... ఆడదన్నారు కదూ."

"ఆడేదే అత్తయ్యా. నేనే అబద్ధం చెప్పాను. అది కూడా అక్కడ ఉంటే మీరు ఇక్కడికి రావడం మానేస్తారని. కుళ్ళు. అంతకన్నా ఏం లేదు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేదని అతను అనుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. అతను ఆగలేక, "నాకు మొత్తం నోటికొచ్చు అత్తయ్యా. ఒక్క మాట పోకుండా చెప్పగలను. చెప్పనా? 'ఏవోయ్, నన్ను తియ్యమంటే...'" అని అందుకున్నాడు.

"వద్దు బాబూ." ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మాటలు నాకూ వచ్చు, తీసింది నేనేగా. ఆయన గొంతే గుర్తు రాదు. ఇంటికి పోయేలోపే మరిచిపోతాను. అందుకే కదా, మళ్ళీ మళ్ళీ ఈ మెట్లెక్కింది."

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. అతను పట్టుకోబోతే, "వద్దులెండి" అని, గుమ్మంలో ఉన్న కూతురితో, "చిన్నల్లుడికి ఫోన్ చెయ్యవే, కారు తీసుకుని రమ్మను" అంది.

భార్య కదల్లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెద్దల్లుడే ఫోన్ తీశాడు.

"వచ్చేస్తున్నా అన్నయ్యా, ఐదు నిమిషాలు" అన్నాడు అవతలినుంచి.

ఆ ఐదు నిమిషాలు కూడా అత్తగారు లోపల ఉండలేదు. తలుపు తీసుకుని బయటికెళ్ళి, మెట్ల మీద కూర్చుంది.