సువార్తమ్మ ఆంటీ పిడికెడు బియ్యం

మొన్న చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఒక కిరాణా దుకాణంలో నిలబడి ఉండగా, షావుకారు ఖాళీ రేకు డబ్బాలోకి బియ్యం వంచాడు. అడుగున మొదటి గింజలు పడేటప్పుడు గలగలమని, డబ్బా నిండేకొద్దీ గొంతు తగ్గించుకుంటూ, చివరికి ఉందో లేదో తెలియనంత మెత్తగా మారిపోయే చప్పుడు. కందిపప్పులో రాళ్ళ గురించి ఆయనతో మొదలుపెట్టిన తగాదాను నేను మధ్యలోనే ఆపేశాను. నేను తగాదా మధ్యలో ఆపితే మా ఇంట్లోవాళ్ళు థర్మామీటర్ వెతుకుతారు. ఏం చేయను, ఆ చప్పుడు వింటే నాకు ఎల్బీనగర్‌లో మా ప్రార్థనా మందిరం కళ్ళ ముందుకొస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ సంచులు ఒక్కొక్కటే డ్రమ్ములోకి ఖాళీ అవుతుంటాయి. డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని, సంచి సంచిలోనూ చెయ్యి పెట్టి చూస్తూ సువార్తమ్మ ఆంటీ కూర్చుని ఉంటుంది.

ఆవిడది తెనాలి దగ్గర పల్లె. భర్త ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. నాది నల్లగొండ జిల్లా. మా ఆయన రత్నం బస్సు కండక్టరు, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పేదాన్ని. మా మందిరంలో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన వేయాలి. వారమంతా పోగైనవి ఆదివారం తెచ్చి డ్రమ్ములో పోయాలి. నేను మందిరంలో చేరిన కొత్తలో, చదువుకున్నదాన్ని కదా, లెక్చరు దంచాను. “ఏం తక్కువైందని ఆంటీ దేవునికి? పొద్దుగాల ఒక పిడికెడు, రాత్రికొక పిడికెడు. ఆయనేమన్న కరువుల ఉన్నడా?” ఆవిడ చెవి మీదికి జారిన కొంగు సర్దుకుని, “ఆయనకేం తక్కువ లేదే అమ్మాయ్. నీకే ఎక్కువైంది. నోరు కూడా,” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే స్నేహం మొదలైంది.

ఆవిడకు ఒక్కటే నియమం. ఇంట్లో ఏ బియ్యం వండుకుంటే ఆ బియ్యమే తేవాలి. ఇంట్లో సన్నబియ్యం తింటూ, మందిరానికి రేషన్ దొడ్డుబియ్యం కట్టుకొచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టగానే గింజ లావు తెలిసిపోయేది. “ఏం వదినా, నువ్వు సన్నన్నం తిని యేసుప్రభువుకి దొడ్డన్నం పెడతన్నావా? ఆయనకేమన్నా షుగరా?” అని అందరికీ వినపడేటట్టు అడిగేది. ఇంత కటువుగా ఎందుకని నేనొకసారి ఆవిడతో వాదన పెట్టుకున్నాను. ఆవిడ వాదించలేదు. “మనం యజమానులం కాదే, గృహనిర్వాహకులం. తాళంచెవి బొడ్లో దోపుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోద్దా?” అని మాత్రం అంది. ఆ మాటకు నేను చాలా జవాబులు తయారు చేసుకున్నాను. ఒక్కటీ నచ్చక పారేశాను.

తెలంగాణ ఉద్యమం ఊపందుకుని, బస్సులన్నీ డిపోల్లోనే నిలిచిపోయిన సమ్మె రోజులు వచ్చాయి. రత్నం పొద్దున లేస్తూనే డిపో ముందు టెంటుకు పోయేవాడు. జీతం ఆగిపోయింది. బందులతో మా కాలేజీ మూతపడింది. పాఠం చెప్పని రోజుకు జీతమెందుకని యాజమాన్యం చేతులు దులుపుకుంది. మందిరంలో కూడా చాపల మీద రెండు రాష్ట్రాలు అప్పటికే ఏర్పడ్డాయి. కోస్తావాళ్ళు కిటికీ వైపు, మేము తలుపు వైపు. పాస్టరుగారు పాపం “ప్రభువా, రాష్ట్ర పరిస్థితిని నీ చేతులకు అప్పగిస్తున్నాం” అని, ఏ రాష్ట్రమో చెప్పకుండా ప్రార్థన ముగించేవారు. ఆ సమయంలో స్త్రీల కూటంలో సువార్తమ్మ ఆంటీ లేచి, ఏటా మందిరంలో చేసే కోత పండుగ కోసం దాచిన బియ్యం డ్రమ్ములు ఇప్పుడే తెరుద్దామంది. మందిరం వెనక బస్తీలో సమ్మెలో ఉన్న డ్రైవర్ల, కండక్టర్ల ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళు మా మందిరానికి వచ్చేవాళ్ళు కూడా కాదు.

గుంటూరు నుంచి వచ్చిన గ్రేస్ వదిన ముందు లేచింది. “మమ్మల్ని ఊరొదిలి పొమ్మనేవాళ్ళకి మేమెందుకు పెట్టాలండీ? నిన్న మా వారి స్కూటర్ ఆపి జై తెలంగాణ అనిపించారు!” నేను ఊరుకుంటానా? “అంటే ఏం పోయింది వదినా, నాలుక అరిగిందా? అయినా మిమ్మల్ని అడిగిందెవరు? మీ బియ్యం మాకక్కర్లే. మేమేం అడుక్కుంటలేం!” వద్దని ఆమె, వద్దని నేను. మా ఇద్దరికీ అంత ఐకమత్యం ఇంకే విషయంలోనూ ఎప్పుడూ కుదరలేదు. ఆంటీ ఇద్దరినీ చూసి, “కోడిపుంజులు అలిసిపోయాక చెప్పండి,” అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఆరోజుకే మా ఇంట్లో సన్నబియ్యం అయిపోయాయి. ఆ సంగతి రత్నానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వకూడదని పళ్ళు బిగబట్టి ఉన్నాను.

తరువాతి ఆదివారం సంచి ఇవ్వడానికి వరసలో నిలబడ్డాను. ఇంట్లో వండేదే తేవాలి కదా. ఆ వారం మేము వండింది రేషన్ దొడ్డుబియ్యమే. పిడికెడు మానేస్తే అనుమానం వస్తుంది, ఎక్కడినుంచో సన్నబియ్యం అడిగి తెస్తే అబద్ధమవుతుంది. ఆవిడ నా సంచిలో చెయ్యి పెట్టింది. ఇక మొదలవుతుంది, షుగరు జోకు నాకూ పడుతుంది అని జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచి డ్రమ్ములోకి వంచి, ఖాళీ సంచిని మడతపెట్టి నా చేతిలో పెట్టింది. అంత మర్యాద ఆవిడ దగ్గర నేనెప్పుడూ ఎరుగను. భయమేసింది.

మర్నాడు సాయంత్రం షేర్ ఆటో దిగి, చంకలో బియ్యం మూటతో మా ఇంటికి వచ్చింది. నేను గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాను. “ఆంటీ, దానమైతే మాత్రం వద్దు. మంచినీళ్ళు తాగి పోండ్రి.” ఆవిడ నన్ను పక్కకు నెట్టుకుని లోపలికి వచ్చి, గోడకున్న చేట తీసి, మూట విప్పి, మందిరం డ్రమ్ములోంచి తెచ్చిన బియ్యం అందులో పోసింది. సన్నవి, దొడ్డువి, తెల్లవి, ముతకవి, అన్నీ కలిసిన బియ్యం. “దానమెవరికే? ఇన్నేళ్ళూ నువ్వు కూడా పోశావుగా ఇందులో. కూర్చో. నీవి నువ్వు ఏరుకో. నావి నేను పట్టుకుపోతా.”

నేనూ మొండిదాన్నే. నిజంగానే కూర్చున్నాను. ఒక సన్నగింజ పక్కకు తీసి, “ఇది నాది,” అన్నాను. “నీ పేరు రాసుందా? చూడు, దాని ముఖం గ్రేసులాగా లేదూ?” అంది. నాకు నవ్వు ఆగలేదు. అప్పుడే టెంటు నుంచి వచ్చిన రత్నం, చేట ముందు తలలు వంచుకున్న మమ్మల్ని చూసి, “ఏందాంటీ, మేం గక్కడ ఎండల కూసుంటే మీరిద్దరు గిక్కడ్నే రాష్ట్రం పంచుకుంటున్నరా?” అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే, “పంచలేక చస్తన్నాం నాయనా, నువ్వన్నా రా,” అంది.

ఓడిపోయానని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఊరుకోదు. “సరే, గింజలు అందరివే అనుకుందాం. కని సంచి పట్టుకొని గల్లీల నడిస్తే అందరు చూస్తరు. బస్తీల ఒక్కరు గూడ తీసుకోరు. నేనే తీసుకోను.” ఆవిడ చేట పక్కన పెట్టింది. “మరెట్లాగో నువ్వే చెప్పు.” ఆలోచించకుండానే నా నోటి నుంచి వచ్చింది: “మందిరం ముంగట వండుదాం. అందరం కూసొని తిందాం. అందరం అంటే మీరు గూడ. గ్రేస్ వదిన గూడ. గరిటె పట్టుకొని మా నెత్తి మీద నిలబడితే మేం తినం. పక్కన కూసుంటేనే తింటం.”  ఏ విందులోనైనా చివరిదాకా వడ్డించి, అందరూ వెళ్ళాక గిన్నె అడుగున మిగిలింది తినే మనిషి ఆవిడ. “నేనెప్పుడూ పంక్తిలో కూర్చోలేదే,” అంది, ఏదో తప్పు చేయమన్నట్టుగా. “ఇప్పుడు కూసోండ్రి. మేం తీసుకునుడు నేర్చుకోవాలె, మీరు కూసునుడు నేర్చుకోవద్దా?” అన్నాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులూని లేచి, “వంట మాత్రం నీదే,” అంది.

రకరకాల బియ్యం ఒకేసారి ఉడకవు. ఒకటి మెత్తబడేలోగా ఇంకోటి పలుకుగానే ఉంటుంది. అందుకని బాగా నానబెట్టి, పెసరపప్పు వేసి కిచిడీ చేశాం. బస్తీవాళ్ళు మొదట గేటు దగ్గరే ఆగిపోయారు. కోస్తావాళ్ళు, మేము కలిసి నేల మీద కూర్చుని తింటున్నది చూశాక ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అక్కడ ఎవరు ఆకలితో తింటున్నారో, ఎవరు తోడుకు తింటున్నారో ఎవరూ చెప్పలేరు. అందరికంటే ఆలస్యంగా గ్రేస్ వదిన గోంగూర పచ్చడి జాడీతో వచ్చింది. “మీ ఉద్యమం మీద నా అభిప్రాయం మారలేదు. పచ్చడి లేకుండా ఈ కిచిడీ ఎట్లా మింగుతారో అని వచ్చాను,” అంది. రత్నం వెంటనే, “జై పచ్చడి!” అని అరిచాడు. సువార్తమ్మ ఆంటీ ఒక డ్రైవరు భార్య పక్కన, కాళ్ళు ఎట్లా పెట్టుకోవాలో తెలియక ఇబ్బందిపడుతూ, కొత్త పెళ్ళికూతురిలా తలవంచుకుని తిన్నది. సమ్మె ముగిసేదాకా డ్రమ్ములు అలాగే తెరిచి ఉన్నాయి. కోత పండుగకు గింజ మిగల్లేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఆవిడ మా ఇంటికి వచ్చి, “ఏమే, ఇంక పొమ్మంటావా?” అని అడిగింది. “పోండ్రి, కని అన్నం తిని పోండ్రి,” అన్నాను. తిని, పోలేదు. ఆ తరువాత కొన్నేళ్ళకు ప్రభువు దగ్గరికే పోయింది. అక్కడ కూడా ఎవరి సంచిలోనో చెయ్యి పెట్టే ఉంటుంది.

పోయిన వానలకు అల్మాస్‌గూడ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు మేం మందిరంలో వంటలు పెట్టాం. అందరికీ విస్తళ్ళు వేశాక, ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒక ఆడపిల్ల, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ, “మేడమ్, మీరు గూడ గిదే తింటరా?” అని అడిగింది. “ఎందుకు తినను? నీ ఒక్కదానికే ఆకలైతదా? జర జరుగు,” అని పక్కన కూర్చున్నాను. నేను రెండు ముద్దలు తిన్నాక నా వైపు వంగి, “ఉప్పు తక్కువైంది మేడమ్,” అంది. నా ప్రాణం లేచొచ్చింది. నిలబడి వడ్డించేవాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పరు. వండింది నేనే, ఉప్పు సరిగ్గానే ఉంది అని ఆమెతో గట్టిగా తగాదా వేసుకున్నాను.