పది ట్రాక్టర్ల బలమున్న తెల్ల కారు

ఈ కారు మొదలుపెట్టిన రోజు మా ఆయన నాతో "వారం రోజుల పని" అన్నాడు. నేను కంఠేశ్వర్‌లో జాకెట్లు కుట్టేదాన్ని. "రేపిస్తా" అనే మాటను ఎంత దూరం సాగదీయవచ్చో నాకు తెలిసినంతగా నిజామాబాద్‌లో ఇంకెవరికీ తెలియదు. అందుకే వారమంటే ఏడాది అనుకున్నాను. రెండేళ్లు పట్టింది.

ఆయనకు బోధన్ రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. పక్క షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసే ముసలాయనను రోడ్డు మీద వాళ్లంతా చాచా అంటారు, మేమూ అంతే అంటాం. మా మామ పోయాక ఆయన తిరిగిన తెల్ల కారు షెడ్డు మూలన దుమ్ము పట్టి ఉండేది. ఒకరోజు మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చ లైటు పడగానే పొగలు కక్కుకుంటూ పావు మైలు ఉరికి ఆగిపోతాయి. దాన్ని డ్రాగ్ రేసు అంటారట. అన్నం తింటూ అదే చూశాడు, పండుకుని అదే చూశాడు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ, "గిట్లాంటి బండి జీవితంల ఒక్కసారన్న నడపాలె" అన్నాడు.

ఒట్టిగా చూసి వద్దామని కాదు, ఎవరిదో కొందామని కాదు. తానే తయారుచేసి తానే నడపాలి. షెడ్డులో పని లేనప్పుడు స్టూలు మీద కూర్చుని, లేని స్టీరింగు తిప్పుతూ, నోటితో గేర్లు మార్చడం నేను కళ్లారా చూశాను. నలభై దాటిన మనిషి, బొజ్జ మోకాళ్ల మీద ఆనించి, మూతి బిగించి బుర్రుమంటుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. సరే కానియ్యి అన్నాను.

మామ తెల్ల కారుకే టర్బో పెడదామన్నారు. చాచా నాకు టర్బో గురించి ఓపికగా చెప్పాడు. "కొలిమి తిత్తి సూసినవ్ గదా బేటీ. తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటది. గిదీ గంతే. బండి ఇడిసిన పొగతోనే ఫంకా తిరుగుతది, ఆ ఫంకా ఇంజనుకు జబర్దస్తీగ గాలి ఊదుతది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోయొచ్చు. దమ్ పెరుగుతది." మంచిదే. కాని దమ్ము పెరిగిన ప్రతిసారీ పాత ఇంజనులో ఏదో ఒకటి విరిగేది. పిస్టన్లు మార్చారు. అవి తట్టుకుంటే క్లచ్ కాలింది. క్లచ్ మారిస్తే యాక్సిల్ తెగింది. ముందు పంటి నొప్పి, తర్వాత చెవి నొప్పి, ఆ తర్వాత మోకాళ్లు అన్నట్టు సాగింది ఆ వైద్యం.

చివరికి ఐదు వందల హార్స్‌పవర్ వస్తుందని లెక్క తేల్చారు. అత్తమ్మకు హార్స్‌పవర్ అంటే ట్రాక్టరు భాషలో చెప్పాలి. పది ట్రాక్టర్ల బలమని చెప్పాడు మా ఆయన. ఆమె చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"పది ట్రాక్టర్ల బలం వెట్టి ఏం దున్నుతవ్‌రా?"

"దున్నేది లేదవ్వ. పావు మైలు పోవుడే."

"పోయి?"

"పోయి ఆగుడు."

అత్తమ్మ చేట మళ్లీ ముందుకు లాక్కుని బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

అట్లా అన్నదని ఆమెకు ప్రేమ లేదనుకోవద్దు. ఇంజను మొదటిసారి స్టార్టు చేసే రోజు కొబ్బరికాయ పట్టుకుని అందరికన్నా ముందు షెడ్డుకు వచ్చింది. టర్బోకు గాలి సూటిగా అందాలని వీళ్లు ముందున్న ఎడమ లైటు తీసేసి, ఆ బొక్కలో ఒక గొట్టం నోరు పెట్టారు. అత్తమ్మకు అది కన్ను పోయిన బండిలా కనిపించింది. ఇంత కష్టపడి చేసిన బండికి ఇంత దిష్టి ఎట్లా తగిలిందని బాధపడి, ఎవరికీ చెప్పకుండా నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చిన తాడు సరిగ్గా ఆ నోటి ముందే వేలాడదీసింది.

మా ఆయన స్టార్టు చేశాడు. ఇంజను మంచిగానే పలికింది. చాచా వేలు పైకి ఎత్తి, ఇంకా రేజ్ చేయమని సైగ చేశాడు. బండి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. తాడుతో సహా నిమ్మకాయ లోపలికి పోయింది. లోపల కరకరా నమిలిన చప్పుడు, తర్వాత ఈలలాంటి కూత, ఆ తర్వాత వెనక గొట్టం నుంచి మిరపకాయల ఘాటు. షెడ్డులో ఉన్నవాళ్లందరం దగ్గుకుంటూ రోడ్డు మీద పడ్డాం. టైర్ల దుకాణం వాళ్లు, ఎదురుగా చాయ్ తాగేవాళ్లు, ఆగిన ఆటోలో ఉన్నవాళ్లు కూడా దగ్గారు. టర్బోలో ఫంకా రెక్కలు వంకరపోయాయి. రెండు నెలల పని ఒక నిమ్మకాయకు పోయింది.

మా ఆయన తల్లిని ఏమీ అనలేడు, మింగనూ లేడు కక్కనూ లేడు. కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అత్తమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎంతో నిమ్మళంగా ఉంది.

"దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు బిడ్డా. గింత ఘాటొచ్చిందంటే బండికి దిష్టే లేదు. ఇగ నిమ్మళంగ తోలుకో."

మరో టర్బో దొరికాక గొట్టానికి ఇనుప జాలీ బిగించారు. అప్పటి నుంచి చాచా దృష్టి బరువు మీద పడింది. బరువు తగ్గిన కొద్దీ బండి తొందరగా ఉరుకుతుందట. వెనక సీటు పీకారు, తలుపుల అద్దాలు పీకారు, ఏసీ పీకారు, బ్రేకు పెడలుకు కూడా బొక్కలు పెట్టారు. ఇక తీయడానికి ఏమీ లేదనుకున్నాక, ఎంత తూగుతుందో చూద్దామని ట్రాలీ మీద ఎక్కించుకుని బోధన్ దగ్గర ధర్మకాంటాకు పోయాం. చెరుకు బండ్లు తూచే ఆ కాంటా మా ఆయన చిన్ననాటి దోస్తుది. చెరుకు నరికే రోజులు, మా వెనక ట్రాక్టర్ల వరుస ఉంది.

చెరుకు పండించే ఇళ్లలో పిల్లలకు అక్షరాల కన్నా ముందు కాంటా విద్య వస్తుంది. నిండు బండి తూగేటప్పుడు ఎంతమంది ఉంటే అంతమంది ఎక్కి కూర్చోవాలి. ఖాళీ బండి తూగేటప్పుడు అందరూ దిగి దూరం జరగాలి. మనుషుల బరువు కూడా చెరుకు లెక్కలోకి పోతుంది. కాంటా వాళ్లకూ ఇది తెలుసు, రైతులకూ తెలుసు, తెలిసినా అందరూ చేస్తారు. మా ఆయన ఆ నీళ్లే తాగి పెరిగాడు. కారును కాంటా మీద పెట్టి లోపల కూర్చున్నాడు. పైన బోర్డు మీద ఎర్ర అంకెలు పడ్డాయి.

"నిండు అయింది. సరుకు దించి ఖాళీది వెట్టు" అన్నాడు దోస్తు, అలవాటు కొద్దీ.

మా ఆయన కూడా అలవాటు కొద్దీ దిగి, దూరంగా పోయి నిలబడ్డాడు. ఎర్ర అంకెలు నూట ఇరవై కిలోలు తగ్గాయి.

వరుసలో ఉన్న ట్రాక్టర్ల వాళ్లందరూ బోర్డు చదివారు. ఒకాయన ఇంజను బంద్ చేసి మరీ అడిగాడు. "అన్నా, గంత సరుకు గా చిన్న బండిల ఏడ దాస్తివే?"

చాచా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సీట్లు తీస్తిమి, అద్దాలు తీస్తిమి. అసల్ తియ్యాల్సింది గాడ నిలవడ్డది బేటా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటేనే చాచా నా వైపు తిరిగి, "బేటీ, నువ్వు జర కూసో" అన్నాడు. కూర్చున్నాను. అంకెలు యాభై కిలోలు పెరిగి ఆగాయి. అప్పుడు నవ్వు ఆగింది. మా ఆయన బోర్డునూ, నన్నూ, మళ్లీ బోర్డునూ చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

నాకు బండి నడపడం కొత్త కాదు. మా పుట్టిల్లు మోర్తాడ్. పెళ్లికాక ముందు పసుపు బస్తాల ట్రాక్టరు మార్కెట్ దాకా నేనే తోలేదాన్ని. పైగా మోటారు కుట్టుమిషన్ మీద పట్టు జాకెట్టు కుట్టే కాలికి, పెడల్ ఎంత తొక్కితే ఎన్ని కుట్లు పడతాయో తెలుస్తుంది. మాక్లూర్ దగ్గర ఒక వెంచర్‌లో, ప్లాట్ల రాళ్లు తప్ప మనిషి లేని తిన్నటి రోడ్డు మీద, ఓనరును అడిగి ఈ కారు నేర్చుకున్నాను. మొదట్లో భయంతో మొక్కని దేవుడు లేడు. తర్వాత తర్వాత దుకాణంలో కాజాలు కుడుతూ కూడా ఆ రోడ్డే గుర్తొచ్చేది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

డ్రాగ్ రేసు పోటీకి పేరు ఇచ్చాం. ఒప్పందం ఏమిటంటే, పోటీ రోజు ప్రతి బండికీ రెండు పరుగులు ఉంటాయి. మొదటిది నేను, బండి ఎట్లా ఉందో చూడటానికి. రెండోది ఆయన. బరువు తగ్గుతానని మా ఆయన జొన్నరొట్టెలు మొదలుపెట్టాడు. రొట్టెల పక్కకు మిర్చి బజ్జీలు చేరేసరికి నేను అడగడం మానేశాను. ఆ రోజు తొడుక్కోవడానికి ఆయన కోసం ఎర్ర చొక్కా కుట్టి, వీపు మీద పసుపు దారంతో మంటలు వేశాను.

పోటీ హైదరాబాద్ అవతల విమానాలు దిగని ఒక పాత రన్‌వే మీద. చెరుకు లారీలో కారును ఎక్కించుకుని పోయాం. అక్కడి బండ్లు చూస్తే మాది పెళ్లికి వచ్చిన పాలేరులా ఉంది. లోపల అంతా లారీలోని చెరుకు చెత్త. మా ఆయన, చాచా కలిసి పెట్టుకున్న ఆశ ఒక్కటే, పన్నెండు సెకన్ల లోపు పోవాలి. మొదటి పరుగులో నేను పన్నెండు దాటి వెంట్రుక వాసిలో ఆగాను. తిరిగి వచ్చేసరికి వెనక నుంచి తెల్ల పొగ వస్తోంది. చాచా బానెట్ ఎత్తి వాసన చూశాడు. హెడ్డు కింద గాస్కెట్ పోతోందట, నీళ్లు ఇంజనులోకి దిగుతున్నాయట.

"ఇంకొక్కసారి పోతది. బూస్ట్, గా టర్బో గాలి, పెంచితే మంచిగ పోతది. మల్ల మాత్రం పోదు" అన్నాడు.

మల్ల అంటే ఆ రోజుకని కాదు. ఆ ఇంజనుకని.

నేను హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని లోపలే ఉన్నాను. ఎర్ర చొక్కా తొడుక్కుని మా ఆయన తలుపు దగ్గరికి వచ్చాడు. మాట ప్రకారం నేను దిగాలి. ఆయన కూర్చుంటే పన్నెండు లోపు రాదు, నేను కూర్చుంటే వస్తుంది. ఇది ముగ్గురికీ తెలుసు. కాని ఆ లెక్కను సాకుగా చెప్పుకోను. నాకు దిగాలని లేదు. రెండేళ్లు మా ఇంట్లో ఆ కారును తిట్టినదాన్ని నేనే, ఇప్పుడు ఎవరైనా చెయ్యి పట్టి లాగినా దిగనిదాన్నీ నేనే.

"ఎట్ల పోతది?" అడిగాడు.

"ఇంకా పోతది" అన్నాను.

చాచా ఆకాశం వైపు చూస్తున్నాడు. మా ఆయన నా చేతుల వైపు చూశాడు. అవి స్టీరింగును వదల్లేదు. లోపలికి వంగి, నా భుజం మీది బెల్టు ఇంకొంచెం లాగి బిగించాడు.

"మూడో గేరు జల్ది వెయ్యి" అన్నాడు. అంతే, పోయి పక్కన నిలబడ్డాడు.

పచ్చ లైటు పడింది. ఎవరో నా వీపును సీటుకు మేకు కొట్టినట్టయింది. రోడ్డు సన్నబడింది, చెవుల్లో ఈల. మూడో గేరు జల్దిగానే వేశాను. గీత దాటిన తర్వాత ఢామ్మని ఒక చప్పుడు, దాని వెనక నిశ్శబ్దం. బండి తనంతట తాను దొర్లి దొర్లి రన్‌వే చివర ఆగింది. బోర్డు మీద పదకొండుతో మొదలయ్యే అంకె ఉంది.

వెనక కనిపించే అద్దంలో చూస్తే మా ఆయన ఉరికి వస్తున్నాడు. బస్టాండు దాకా కూడా ఆటో ఎక్కే మనిషి, బొజ్జ ఒక చేత్తో పట్టుకుని, పావు మైలూ ఉరికాడు. వెనక చాచా. మా ఆయన ముందు బానెట్ ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. బోర్డు వైపు కూడా చూడలేదు. తలుపు పట్టుకుని రొప్పుతూ వంగాడు.

"ఎట్లుండె?" అన్నాడు.

నోరు మూసుకోమని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నన్ను తిట్టేది. కాని ఆ ఈల, ఆ రోడ్డు ఇంకొకరికి చెప్పేవి కావు.

"మంచిగుండె" అన్నాను.

"ఆఁ" అని తలూపాడు, అంతా అర్థమైనట్టు. నాకు ఏడుపొచ్చింది. బెల్టులు విప్పుకుని కిందికి దిగాను.

"నువ్వు కూసో. మేం నూకుతం" అన్నాను.

ఆయన చాచా వైపు చూశాడు. చాచా అప్పటికే వెనక్కి పోయి డిక్కీ మీద చేతులు ఆనించాడు. మా ఆయన ఆ ఇరుకు సీట్లోకి ముందు ఒక కాలు, తర్వాత బొజ్జ, తర్వాత రెండో కాలు దూర్చాడు. చెయ్యి బయటికి చాపాడు.

"హెల్మెట్ ఇటియ్యి."

ఇచ్చాను. పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకున్నాడు. నేనూ చాచా బండిని తిప్పి, వచ్చిన దారినే నూకడం మొదలుపెట్టాం. అటూ ఇటూ జనం నిలబడి చూస్తున్నారు. మా ఆయన రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, తిన్నగా ముందుకే చూస్తూ, క్లచ్ తొక్కి ఒక్కో గేరూ మారుస్తూ పోయాడు.