మార్కెట్‌లో సోషల్ పాఠం

సికింద్రాబాద్ అంతా కంప్యూటర్ కోర్సులకు ఎగబడుతున్న రోజుల్లో, నేను చెప్పే నాలుగో తరగతి సోషల్ పీరియడ్లు వారానికి ఐదింటినీ పందెం కాసిన మొనగత్తెను నేను. కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని, బేరంలో ఓడతానా?

వాటిని కంప్యూటర్ క్లాసుకు ఇచ్చేద్దామన్నారు హెడ్ మేడం.

"పిల్లల్ని ఒక్కసారి బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీస్కపోత మేడం. అంగడి పాఠం వాళ్లే మీకు చెప్తరు. చెప్పకుంటే ఐదూ తీస్కోండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే టమాటా గంపల మధ్య పిల్లలు నన్ను మరిచేపోయారు. ఒక పాప, సరుకు తెచ్చిన రైతమ్మను అడిగింది.

"రేటు నువ్వు చెప్పవా అమ్మా?"

"నేనేడ చెప్త బిడ్డా. కొనెటోళ్లు వేలం పాడ్తరు, నేను వింట."

"పండించింది నువ్వే కదా?"

"గదే జెర మీ టీచర్‌ను అడుగు."

ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను పాపను. సంతోషంతో ఒళ్లు ఝల్లుమంది. అలాంటి ప్రశ్న మా పుస్తకంలో ఎక్కడా లేదు.

స్కూల్లో పాప అదే ప్రశ్న హెడ్ మేడంను అడిగింది. పీరియడ్ అయ్యేదాకా ఆవిడ పిల్లలతో వాదిస్తూనే ఉన్నారు. చివరికి, "టీచర్ గారూ, రెండు నాకు వదిలేయండి, మూడు మీరే ఉంచుకోండి" అన్నారు.

లెక్క ఇదీ: పోయిన రెండూ నా పందెం ఖర్చు. మిగిలిన మూడూ ఆ పాప సంపాదన.