తోమాసాకి చావు పద్యం

చీపుళ్ల వ్యాపారంలో ఒక సుఖం ఉంది. ఇవాళ కొన్నవాడు మళ్లీ నెలల తరబడి మొహం చూపించడు. ఆ మధ్యలో కొట్లో కాలు మీద కాలేసుకుని ఊళ్లోవాళ్లందరి కూపీలూ లాగవచ్చు. చోలూలా ఊరి బజారులో ఒనేసిమో జన్మంతా చేసిన పని ఇదే. పూలమ్మే ఆవిడకి మొగుడి మీద కోపమొస్తే ఏ పాట కూనిరాగం తీస్తుంది, కసాయి కాందిదో తూకమేసేటప్పుడు బొటనవేలు ఎక్కడ పెడతాడు, పాదిరీగారు ప్రసంగం మధ్యలో గడియారం వంక ఎందుకు చూస్తారు, అన్నీ కావాలి ఆయనకి. "ఊరి గొడవలన్నీ నీకెందుకయ్యా?" అని భార్య కూకా తిడితే, "పనికొస్తాయే" అనేవాడు.

నిజంగానే పనికొచ్చేవి. ఏటా చనిపోయినవాళ్ల పండుగ ముందు రోజు, మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక, ఒనేసిమో ఒక పెట్టె బోర్లించి దాని మీదికెక్కి, బజారులో బతికున్న ప్రతి ఒక్కరినీ వరసబెట్టి చంపేవాడు. మనిషికో పద్యం. ప్రతి పద్యంలోనూ బోడిది, అదే, మృత్యువు, ఎముకలు టకటకలాడించుకుంటూ వచ్చి, ఆ మనిషిని వాడి యావ దగ్గరే పట్టుకుని గోతిలోకి ఈడ్చుకుపోయేది. చచ్చినవాడు అందరికన్నా గట్టిగా నవ్వాలి, అదీ మర్యాద. ఎందుకు నవ్వుతారో మాత్రం ఒనేసిమోకి ఎంత ఆలోచించినా అంతుబట్టేది కాదు. వీధిలో ఎవడైనా "నువ్వు చస్తావురా" అంటే జుట్టూజుట్టూ పట్టుకుంటారు. పెట్టె మీద నిలబడి పద్యంలో చంపితే ఇంటికి పిలిచి వేడివేడి చాక్లెట్ పోస్తారు. ఇదేం విడ్డూరమో!

ఆయన కొట్టుకి ఎదురుగా తోమాసా కొట్టు. ఎండుమిరపకాయలు, మోలే కూరకి నూరిన ముద్దలు అమ్ముతుంది. ఆవిడ కూతురి బాప్తిస్మానికి ఒనేసిమో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఆనాటి నుంచి ఆయన ఆవిడకి కొంపాద్రే, ఆవిడ ఆయనకి కొమాద్రే. అంతవరకూ నువ్వు నువ్వు అనుకున్నవాళ్లు మీరు మీరులోకి వచ్చారు.

ఎవరొచ్చి "కారమా?" అని అడిగినా తోమాసాది ఒకటే జవాబు. "అబ్బే, కారం ఉండదమ్మా, అసలే ఉండదు." నమ్మి తిన్నవాళ్లు ముక్కులూ కళ్లూ ఏకం చేసుకుని వచ్చి తిట్టిపోసేవారు. తిట్టినవాళ్లే ఇంకో సంచీ నింపుకుని పోయేవారు. ఆ అబద్ధం మీద ఒనేసిమో ఏటేటా ఒక పద్యం అల్లాడు, ఏటేటా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఈ ఏడు ఆ పొట్టలోనే గడ్డ అన్నారు. పండుగ వెళ్లిన మర్నాడు పుయెబ్లా పట్నం ఆసుపత్రిలో కోత. మనిషి చిక్కి సగమైపోయింది. బల్ల మీద నుంచి లేస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోయారు. పద్యం రాద్దామని కూర్చుంటే ఒనేసిమోకి చెయ్యి ఆడలేదు. నిజంగా గడప దాకా వచ్చినదానితో పరాచికాలేమిటి? పాపం, కొమాద్రే మనసు కష్టపెట్టుకుంటుంది. ఈసారికి వదిలేద్దాం అనుకున్నాడు. చాలా మంచిపని చేశాననుకున్నాడు కూడా.

పండుగ ముందు రోజు రానే వచ్చింది. బజారంతా బంతిపూల వాసన. పెట్టె చుట్టూ జనం మూగారు. తోమాసా కొత్త ఏప్రను కట్టుకుని, జడ బిగించి, ముందు వరసలో కుర్చీ వేయించుకుంది. ఒనేసిమో గొంతు సవరించుకుని కాందిదోతో మొదలెట్టాడు.

"బొటనవేలితో తక్కెడ నొక్కే కాందిదో కసాయి
బోడిదొస్తే కండ చూపాడు, 'కిలో తీసుకో, హాయి!'
తూకం చూసి అది నవ్విందంట, 'తక్కువుందిరా అబ్బాయి,
తక్కువైనంతా నీ ఒంట్లోంచి కోసుకుపోతానోయి!'"

బజారు పగలబడి నవ్వింది. కాందిదో ఆ బొటనవేలు పైకెత్తి మరీ చూపించాడు. తర్వాత పూలావిడ పోయింది, పాదిరీగారు పోయారు, కూకా కూడా పోయింది. అందరూ అయిపోయారు. ఒనేసిమో టోపీ తీసి దండం పెట్టి దిగిపోయాడు.

తోమాసా కుర్చీలోంచి లేవలేదు. ఇంకా ఉందేమోనని చూసింది. లేదని తెలిశాక మెల్లగా చీపుళ్ల కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"నా పద్యమేదీ?"

"అదీ... కొమాద్రే, ఈ ఏడు మీకు ఒంట్లో బాగాలేదు కదా అని..."

"అంటే నన్ను పూడ్చేశావన్నమాట!" మీరు అన్న మాట గాలికెగిరిపోయింది. "బతికున్నవాళ్లకే కదా నువ్వు పద్యం చెప్పేది? పోయినవాళ్లని వదిలేస్తావు. ఇంకా కోత కూడా పడలేదు, అప్పుడే నన్ను ఆ వరసలో కలిపేశావా? పొద్దున్నుంచీ జడేసుకుని కూర్చున్నాను కదయ్యా, సిగ్గులేకుండా!"

ఒనేసిమోకి ఇన్నేళ్లూ అంతుబట్టనిది ఆ నిమిషాన అంతుబట్టింది. గబగబా అక్కడికక్కడే నాలుగు ముక్కలు అల్లాడు. బోడిది తోమాసా కోసం వచ్చిందట, మిరపకాయ కొరికిందట, మంటకి తాళలేక శ్మశానం దాకా పరుగో పరుగట.

కాందిదో చప్పట్లు కొట్టాడు. తోమాసా కొట్టలేదు.

"పారిపోయిందా? కాందిదోని కోసింది, పాదిరీగారిని ఈడ్చుకుపోయింది, నీ పెళ్లాన్ని కూడా వదల్లేదు, నా దగ్గరికొచ్చి పారిపోయిందా? జాలి పడుతున్నావా నా మీద? చంపితే సరిగ్గా చంపు!"

"కొమాద్రే, నాకు మాటలు రావట్లేదు. మీ గురించి తెలిసినవన్నీ ఎప్పుడో వాడేశాను. కొత్తది ఏమన్నా ఉంటేనే కదా?"

తోమాసా అటూ ఇటూ చూసింది. ఒనేసిమో చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. ఆయన కళ్లు ఇంతింతయ్యాయి.

"నిజమా?"

"అమ్మ మీదొట్టు. చిన్నప్పటి నుంచీ నాకు పడదు. అమ్మ ఏం చెప్పేదో అదే నేనూ చెప్పుకొచ్చాను."

"ఇది బయటపెడితే మీ బేరం ఏమవుతుంది?"

"నా బేరం సంగతి నీకెందుకు? పెట్టె ఎక్కు."

ఎక్కాడు. ఆవిడ వంక చూస్తే చదవలేనని తెలిసి, మిరపకాయల దండల వంక చూస్తూ చదివాడు.

"'కారం లేదమ్మా, రుచి చూడ'మంది తోమాసా బోడిదానితో,
'ముందు నువ్వు తిను, తర్వాత నేనం'ది అది పళ్లికిలింపుతో.
జన్మలో కారం నాలిక కంటని ఆవిడ ఒక్క గింజతో
గుటుక్కుమంది! గోతిలోనూ బేరమే, చుట్టూ తుమ్ములతో."

ఎవరో, "ఏమిటీ, తోమాసా కారం తినదా!" అని అరిచారు. ఇక చూసుకోండి. తన నాలిక కాలిన రోజు గుర్తొచ్చి ప్రతివాడూ తిట్టాడు, తిడుతూ నవ్వాడు. అందరికన్నా గట్టిగా తోమాసా నవ్వింది. నొప్పికి పొట్ట పట్టుకుని, "అమ్మో, ఆపండర్రా, గడ్డ ఇక్కడే రాలిపోయేలా ఉంది" అంటూ నవ్వింది. ఒనేసిమో పెట్టె మీద నిలబడి ఏడ్చాడు, దాచుకోలేదు.

పండుగ వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఆవిడ కొట్టు తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మళ్లీ మీరులోకి వచ్చింది.

"వచ్చే ఏడు కొత్తది రాయాలి కొంపాద్రే. ఇదే తిప్పి చదివితే ఊరుకోను."

"ఇంకేం దాచారు రాయడానికి?"

"ఉందిలెండి ఒకటి. దీని కన్నా పెద్దది."

"ఏమిటది? చెప్పండి."

"వచ్చాక చెప్తాను" అని కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

ఒనేసిమో చీపుళ్లు కూకాకి అప్పగించి ఎదురు కొట్లో కూర్చున్నాడు. ఏమై ఉంటుందది? మిరపకాయలు తుడుస్తూ అదే ఆలోచన. ఇంతలో ఊరికి కొత్త ఆవిడెవరో వచ్చి పాసియా రకం మిరపకాయ ఒకటి వాసన చూసి, "కారమా?" అంది.

"అబ్బే, కారం ఉండదమ్మా, అసలే ఉండదు."

"మీకెలా తెలుసు? తిన్నారా?"

"కొట్టు నాది కాదమ్మా. మా కొమాద్రేది. పుయెబ్లా వెళ్లింది" అన్నాడు ఒనేసిమో. ఆ తర్వాత మాట కూడా సరిగ్గా కారం ఉండదన్న గొంతుతోనే అన్నాడు. "వచ్చేస్తుందమ్మా, తప్పకుండా వచ్చేస్తుంది."