జాయింట్ల మీద ఎర్రరంగు

ఇనుము పనిలో ఒక పద్ధతి ఉంది. వెల్డర్ అతుకు వేసిన తరువాత దాని మీద నల్లటి పెంకు కడుతుంది. చిన్న సుత్తితో కొట్టి ఆ పెంకు రాలగొట్టాలి. కింద మెరిసే అతుకును వెల్డర్ చూడాలి, పక్కనున్న ఫిట్టర్ కూడా చూడాలి. ఆ తరువాతే ఎర్రరంగు. రంగు పడ్డాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. సిరిసిల్లలో ఒక ఉదయం పనికి వచ్చేసరికి, నేను చూడని అతుకుల మీద రంగు కనిపించింది.

అది మరమగ్గాల షెడ్డు. పాత షెడ్డుకు ఆనించి కొత్తది కడుతున్నారు. పైకప్పు మోసే ట్రస్సులను నేల మీదే తయారు చేసి, తరువాత క్రేన్‌తో లేపాలి. క్రేన్ ఎల్లుండి వస్తుంది. ట్రస్సులు లేచాక వాటి కిందే మగ్గాలు నడుస్తాయి. పక్క షెడ్డులో కండెలు చుట్టే ఆడవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్లేవారు. వాళ్లలో ఒకామె ఒక మూల చూపించి అడిగింది.

"అన్నా, గీ మూలకు ఒక ఫ్యాన్ వెట్టుమని చెప్పుండ్రి. ఉడుక్కు సస్తున్నం."

వాళ్లు అప్పటికే తమ చోట్లు పంచుకున్నారు. ఎవరు ఏ ట్రస్సు కింద కూర్చుంటారో నాకు తెలుసు. అందుకే ఆ ఎర్రరంగు నన్ను వదలలేదు.

మాది కోరుట్ల పక్క పల్లె. నేను ఫిట్టర్‌ని. యాంగ్లర్లు, అంటే ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు కోసి, కొలతకు కూర్చి, బోల్టులు బిగిస్తాను. బడి చదువు పదితో ఆగింది. మిగిలిన చదువంతా కోరుట్ల గ్రంథాలయంలో చదువుకున్నాను. ఇనుము ఎట్లా పుడుతుంది, తుప్పు ఎట్లా తింటుంది, వంతెనలు ఎందుకు కూలుతాయి అని తెలుగులో దొరికినదల్లా చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

చదువు వల్ల నా అనుమానం ముందు గుత్తేదారు మీదికి పోయింది. ఎక్కడో కూల్చిన షెడ్డు ఇనుము తెచ్చి, రంగుతో కప్పేశాడని అనుకున్నాను. అతను లేని సమయం చూసి ఒక యాంగ్లర్‌ను గోరంత గీకాను. కింద కొత్త ఇనుముకుండే నీలిపొర తళతళలాడింది. ఇంకోచోట గీకాను. అదీ కొత్తదే. ఇనుములో మోసం లేదు. రంగు కూడా యాంగ్లర్ల మీద కన్నా జాయింట్ల మీదే మందంగా ఉంది. ఇక మిగిలింది వెల్డర్.

వెల్డర్‌ది రుద్రంగి. నాకన్నా పెద్దవాడు. చాలా ఏళ్లు దుబాయ్‌లో చేసి వచ్చాడు. మేమిద్దరం జోడీగా పనిచేసేవాళ్లం.

"అన్నా, నేను సూడకముందే రంగేసినవేంది?" అని అడిగాను.

"పెంకు తీసినంకనే ఏసిన. నువ్వు చాయ్‌కు పోయినవ్ అప్పుడు."

"చాయ్ ఇద్దరం కలిసే తాగినం గదనే."

"అయితే నువ్వు బుక్కు వట్టుకొని కూసున్నప్పుడు తీసిన. నీకు బుక్కు దొరికితే పక్కన మనిషి సచ్చినా కానరాదు."

నేను నవ్వాను గానీ, ఆ జాయింట్ల కింద నేల చూశాను. పెంకు కొడితే నల్లటి ముక్కలు రాలాలి. అక్కడ ఒక్క ముక్క లేదు.

అప్పటినుంచి నా కళ్లు అతని మీదే ఉన్నాయి. అతుకు చల్లారాక అటూ ఇటూ చూసి, దాని మీద బొటనవేలు మెల్లగా జరిపేవాడు. ఒకచోట వేలు ఆగింది. వెంటనే రంగు డబ్బా దగ్గరికి జరిగాడు. తెలిసే దాస్తున్నాడని అనుకున్నాను. నాకు కోపం వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అతని ఫోన్ మోగింది. అతని కొడుకు కూడా దుబాయ్‌లోనే ఉంటాడు. వాడు పంపే మెసేజీలు రోజూ నాతోనే చదివించుకునేవాడు. "నువ్వు సదివితే రేడియో ఇన్నట్టుంటది తమ్మీ" అనేవాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయి, రాగం తీసి మరీ చదివేవాణ్ణి. ఆ రోజు నేను స్తంభం వెనుక ఉన్న సంగతి అతను గమనించలేదు. ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరం పెట్టాడు. తల వెనక్కి వంచాడు. కళ్లు చికిలించాడు. చివరికి జేబులో పెట్టి నన్ను కేకేశాడు.

గ్రంథాలయంలో పుస్తకాన్ని అట్లాగే దూరం జరుపుతూ, ఒకరోజు నా చెయ్యి చాలక, కోరుట్లలో అద్దాలు కొనుక్కున్న మనిషిని నేను. అతని పక్కన కూర్చున్నాను.

"అన్నా, నీకు అతుకు కనవడ్తలేదు. పెంకు తీస్తే తప్పు నాకు కానొస్తదని రంగేస్తున్నవ్."

అతను నా ముఖం చూడలేదు. గుత్తేదారు బండి వైపు చూశాడు. "ఎవరు పంపిండ్రు నిన్ను? ఆయననే అడుగుమన్నడా?"

"ఎవలు పంపలే. నాకు గూడ గిట్లనే అయింది."

"నీకైతే ఏంది, బుక్కు పక్కకు వెడ్తవ్. నేనేం వెట్టాలె?" తరువాత జేబు తట్టాడు. "అద్దాలున్నయి. పెట్టుకుంటే పనికి ఎవడు పిలుస్తడు? కండ్లు మంచిగ లేవని దుబాయ్‌ల ఇంటికి పంపిండ్రు. గిక్కడ గూడ పంపిస్తవా?"

"షీల్డ్ మొకానికి అడ్డమున్నంక లోపల ఏమున్నదో ఎవలకు ఎరుక? అద్దాలు వెట్టుకో, మూతికి సున్నం వూసుకో, ఎవడు సూస్తడు?"

అతను నవ్వీ నవ్వనట్టు ముక్కుతో ఊదాడు. కానీ లేచాడు.

ఎర్రరంగు గీకి, పెంకులు రాలగొట్టాం. చాలా అతుకులు బాగానే ఉన్నాయి. ఒకచోట మాత్రం కరిగిన ఇనుము రెండు యాంగ్లర్లనూ పట్టకుండా ఒకదాని మీదే పాకింది. మధ్య సందు అట్లాగే ఉంది. వైరుబ్రష్ పుల్ల లోపలికి దిగిపోయింది. అది ఫ్యాన్ అడిగిన ఆమె కూర్చుంటానన్న మూల. అతను అద్దాలు పెట్టుకొని వంగి చూశాడు.

"గిది నేనేసిందేనా" అన్నాడు మెల్లగా.

షీల్డ్ దించుకొని మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడే గుత్తేదారు వచ్చాడు.

"మంచిగున్న రంగు ఎందుకు గీకుతున్నవ్ రా? ఎవడు చెప్పిండు?"

"నాకే అనుమానమొచ్చింది సార్. అన్ని జాయింట్లు సూస్తున్న."

"నీకు అనుమానమా? లైబ్రరీల కూసొని ఇంజినీరువైతివా? వెల్డింగ్ రాడ్లు గిట్ల మాయం జేస్తున్నవా ఏంది?"

వెల్డర్ షీల్డ్ ఎత్తలేదు. ఎత్తితే అద్దాలు కనిపిస్తాయి. లోపలినుంచే అన్నాడు: "నేనే గీకుమన్న సార్. నాకే నచ్చలే."

గుత్తేదారు నమ్మలేదు. నా సంచి తెరిపించాడు. అందులో టిఫిన్ డబ్బా, గ్రంథాలయం పుస్తకం ఉన్నాయి. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని, రాడ్లు రాలతాయేమోనన్నట్టు దులిపాడు. ఏమీ రాలలేదు.

క్రేన్ వచ్చేలోగా అన్ని జాయింట్లూ గీకి చూశాం, చెడినవన్నీ మళ్లీ వేశాం. ట్రస్సులు లేచాయి. ఆ మూలకు ఫ్యాన్ కూడా పెట్టారు.

ఇప్పుడు జగిత్యాలలో ఇద్దరం ఇంకో షెడ్డు చేస్తున్నాం. అతుకు పూర్తికాగానే అతను షీల్డ్ ఎత్తకముందే సుత్తి నా వైపు చాస్తాడు. నేను పెంకు కొడతాను. ఇద్దరం చూస్తాం. నేను గుత్తేదారుతో రెండు మాటలు మాట్లాడితే మాత్రం అతని పని ఆగుతుంది, షీల్డ్ నా వైపు తిరుగుతుంది. నేనూ అంతే. పొద్దున షెడ్డులో అడుగుపెట్టగానే అతన్ని పలకరించేలోపే రంగు డబ్బా ఎక్కడుందో చూస్తాను. మూత మీద తడి ఉందేమో వేలితో తాకి చూస్తాను.