జక్రయ్య మాస్టారి కుంచె

“మేస్టారూ, రోడ్డు ఊడ్చినందుకు మునిసిపాలిటీ మీకెంతిస్తదండీ?”

నర్సరావుపేట రోడ్డు అంచున మిరపకాయలు ఆరబోసుకుంటూ షాజాదీ అడిగిన ప్రశ్న ఇది. గుంటూరులో చాలామంది అడగాలనుకుని మర్యాదకు మానేశారు. జక్రయ్య మాస్టారు మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు, ఖాళీ దొరికితే దుమ్ము పోగుచేసేవారు. జేబులో పెయింటు కుంచె, చేతిలో పాత శుభలేఖల కవర్లు. నడిరోడ్డు మీద గొంతుక్కూర్చుని దుమ్ము ఊడ్చి, కవరులో పోసి, తారీకు వేసేవారు.

పెట్రోలులో కలిపే సీసం పొగతో వచ్చి రోడ్డు మీద పడుతుందని, బ్యాటరీ షాపుల ముందు మరీ ఎక్కువని ఆయన వాదం. 1984లో పర్యావరణం అనే మాట ఇంకా మా ఊరి ఉపన్యాసాల్లోకి ఎక్కలేదు. తర్వాత ఎక్కింది గానీ, కుంచె పట్టినవాడు ఇంకొకడు కనిపించలేదు.

నేను ఆయన మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. సినిమా చూసి వస్తే గేటు దగ్గరే “కదలకండి” అని నా కాలరు ఊడ్చి, ఏ హాలని అడిగి కవరు మీద రాసుకునేవారు. ఒక పెళ్లిలో, కారులో ఊరేగి వచ్చిన పెళ్లికొడుకు భుజాలు ఊడ్చారు. అది మగపెళ్లివారి ఆచారం కాబోలనుకుని పెళ్లికూతురి మేనమామ తానూ వరుసలో నిలబడ్డాడు.

ఆ ఫిబ్రవరిలో షాజాదీ కాయలు ఆరబోసిన పట్టా కింద దుమ్ము కూడా ఊడ్చారు. ఎదురుగా బ్యాటరీ షాపు. మర్నాడు ల్యాబులో పరీక్షనాళిక నా కళ్లముందు పెట్టారు. చిక్కటి పసుపు, అంటే సీసం. మా వీధంతా, నాతో సహా, తినేది షాజాదీ కొట్టిన కారమే. ఆమె ఇల్లు గడిచేదీ దానిమీదే. ఈ మాట బయటికొస్తే ఆమె దగ్గర చిటికెడు కారం కొనేవాడుండడు. నేనైతే సత్యం పేరు చెప్పి వీధిలో నిలబడి ఉపన్యాసమిచ్చేవాణ్ణి.

మాస్టారు వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నారు. “కాలేజీలో ఒక ప్రయోగం పెట్టారమ్మా. మేడ మీద ఎండిన కాయ రంగు చూడాలి. మా మేడ మీద ఆరబోస్తే వారానికి పన్నెండు రూపాయలిస్తారు.”

“మరి ఈ కాయల సంగతి?”

“ఇవీ కాలేజీయే కొంటది.”

“కాయలెండబెట్టినందుకు డబ్బులా?” షాజాదీ అనుమానంగా చూసింది. “సంతకం పెట్టాలా?”

“రెండు చోట్ల.”

అప్పుడు నమ్మింది.

రోడ్డు కాయలు ల్యాబు స్టోరులోకి వెళ్లాయి. అటెండరు ఏడాదంతా తుమ్మాడు. మేడ ఎర్రబడింది. నా గదికి జానెడు దారి మిగిలింది. తుమ్మలేక చస్తున్నానని మొరపెట్టుకుంటే, “తుమ్మండి, రుమాలు మాత్రం పారెయ్యకండి” అని కవరు అందించారు.

ప్రయోగం సంగతి కాలేజీ ఆఫీసులో అడిగాను. అలాంటిదేమీ లేదన్నారు. షాజాదీ సంతకం పెట్టే కాగితాలు గాజుసామాను కొనే ఫారాలు, డబ్బు మాస్టారి జీతంలోది. నిలదీశాను.

“ప్రయోగమేగా,” అన్నారు, నా చొక్కా చెయ్యి ఊడుస్తూ. “ఆ కారం తిని మీరింకా ఎన్నాళ్లుంటారో చూస్తున్నా.”

ఐదు మిరప కాలాలు అలా గడిచాయి. మాస్టారు రిటైరై హడావుడిగా చీరాల వెళ్లిపోయారు. నేనింకా ఉన్నాను, ఆ కారమే తింటున్నాను. అన్నంలో మొదటి ముద్ద కలిపినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను. షాజాదీ ఇప్పుడు రోడ్డు మీద ఒక్క కాయ కూడా పొయ్యదు. రంగు పోద్దట, కాలేజీ వాళ్లు తేల్చారట.

దారిలో కనిపిస్తే నన్ను ఆపుతుంది, చివరి వారం డబ్బు సంగతి ఏమైందని. నేనిస్తానంటే తీసుకోదు. ఫారం తెమ్మంటుంది, రెండు చోట్ల సంతకం పెట్టాలిగా అంటుంది.

కాలేజీ షాజాదీకి ఇంకా పన్నెండు రూపాయలు బాకీ.